నెల్లూరు, ఒంగోలు ఇళ్ళలో పాత టర్కీ తివాచీ: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

అమ్మేవాళ్ళు పెట్టే ఫొటోలన్నీ తివాచీ ముఖానివే. కొనేవాళ్ళు చూడవలసింది వీపు. 'వింటేజ్ టర్కిష్ రగ్' పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే సరుకులో నాలుగు రకాలు కలగాపులగంగా ఉన్నాయి. టర్కీలోని ఉషాక్, కొన్యా ఊళ్ళ వైపు ఊలు ముడులతో నేసిన తివాచీలు ఒకటి. ముడి లేకుండా చదునుగా నేసిన కిలిమ్‌లు రెండోది. పాతవాటిని గొరిగి, రంగు వెలిసేలా చేసి, మళ్ళీ ఒకే రంగులో ముంచిన ఓవర్‌డైడ్ తివాచీలు మూడోది. నాలుగోది అసలు పాతదీ కాదు, చేత్తో నేసిందీ కాదు. మన ఉక్కపోతకీ, కార్తీకం వానలకీ, రోజూ తడిగుడ్డ పెట్టే గచ్చుకీ వీటిలో ఏది తట్టుకుంటుందన్నదే ఈ సమీక్ష.

ముందు ఆ నాలుగోదాన్ని పక్కకు తీసేద్దాం. టర్కీలో గాజియాన్‌తెప్ నగరం మరతివాచీల ఫ్యాక్టరీలకు పెట్టింది పేరు. ఆ సరుకు మీద 'మేడ్ ఇన్ టర్కీ' అని ఉంటే అబద్ధమేమీ కాదు, కానీ అది చేనేతకు హామీ కాదు. చివర కుచ్చులు చూడండి. చేనేతలో కుచ్చులంటే పడుగు, అంటే మగ్గం మీద నిలువునా సాగే దారాల కొసలే, తివాచీ ఒంట్లోంచి నేరుగా బయటికొస్తాయి. మరతివాచీకి కుచ్చులు విడిగా తెచ్చి కుట్టుమిషను మీద అతికిస్తారు, ఆ కుట్టు వీపున గీతలా కనిపిస్తుంది. వీపుకు జిగురో, రబ్బరు పూతో ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. చేతికి వచ్చాక కూడా సందేహం ఉంటే పైనుంచి ఒక పోగు లాగి నిప్పు చూపించండి. ఊలైతే వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపితే పొడి అయ్యే నల్లని బూడిద మిగులుతుంది. ప్లాస్టిక్ దారమైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

వెంకటగిరి, చీరాల మగ్గాలు తెలిసినవాళ్ళకు పడుగు, పేక గురించి చెప్పక్కర్లేదు. తివాచీలో వాటికి ముడి తోడవుతుంది. టర్కీ ముడిని గొర్దెస్ ముడి అంటారు. ఊలు పోగు పక్కపక్కనున్న రెండు పడుగు దారాలను చుట్టుకుని, రెండు కొసలూ ఆ దారాల మధ్యనుంచి పైకి వస్తాయి. ఒక వరస ముడులు వేశాక అడ్డంగా పేక దారం పోనిచ్చి, బరువైన దువ్వెనతో కిందికి కొడతారు. ఆ తర్వాత కొసలు కత్తిరిస్తే పైకి నిలబడే ఊలు, అంటే పైల్, తయారవుతుంది.

అందుకే వీపు మీద స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగాలి. 10 సెంటీమీటర్లలో అడ్డంగా ఎన్ని ముడులు, నిలువునా ఎన్ని ముడులు ఉన్నాయో లెక్కపెట్టి హెచ్చించాలి. అడ్డం 25, నిలువు 30 వస్తే 750, అంటే చదరపు అంగుళానికి దాదాపు 48 ముడులు. ఉషాక్ రకానికి ఇది మామూలే, లావు ఊలుతో వదులుగా నేయడమే దాని పద్ధతి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ముడి రెండు దారాలను చుట్టుకుంటుంది కాబట్టి వీపున ఒక్కో ముడి పక్కపక్కనే రెండు గింజల్లా కనిపిస్తుంది. రెండింటినీ విడివిడిగా లెక్కపెడితే 48 కాస్తా 96 అయిపోతుంది. ప్రకటనల్లో కొన్ని పెద్ద అంకెలు ఇలా పుట్టినవే. సన్నని గీత ఉన్న చోట చూస్తే జంట స్పష్టంగా తెలుస్తుంది. జంటకు ఒకటి చొప్పున లెక్కించండి.

ముడుల సంఖ్యకన్నా ఊలు ముఖ్యం, ఊలుకన్నా పడుగు ముఖ్యం. నెల్లూరు గొర్రెకు పేరైతే ఉంది గానీ దాని ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుక, వడికి నేసే ఊలు కాదు. అందుకే మన ప్రాంతంలో మంచి ఊలును చేత్తో పట్టి చూసే అవకాశం తక్కువ. టర్కీలోని అనటోలియా పీఠభూమి కొవ్వుతోక గొర్రెల ఊలు పొడుగు పోగు, సహజమైన నూనె మెరుపు ఉంటుంది. అరచేత్తో ఒత్తి వదిలితే తిరిగి లేవాలి. చేతికి ఎండుగడ్డిలా పొడిగా తగిలి, దువ్వితే పోగులు రాలుతుంటే దాన్ని రసాయనాలతో గట్టిగా ఉతికారని అర్థం.

పడుగు విషయంలో రెండు రకాలు. పాత పల్లె తివాచీల్లో, కిలిమ్‌లలో పడుగు కూడా ఊలే. కుచ్చులు గోధుమ, లేత పసుపు ఛాయలో, కాస్త మెలికలు తిరిగి ఉంటాయి. టర్కీలోని కైసెరి, హెరెకె ఊళ్ళ రకాల్లో, తర్వాతి కాలపు ఉషాక్‌లలో నూలు పడుగు ఉంటుంది, కుచ్చులు తెల్లగా తిన్నగా ఉంటాయి. కోస్తాలో ఉండేవాళ్ళకు మా ఓటు ఊలు పడుగుకే. తడి తగిలిన నూలు పడుగుకు బూజు పట్టి లోపల్లోపలే పుచ్చిపోతుంది. చెదలకు కూడా ముందు దొరికేది నూలే. పుచ్చిన తివాచీ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, అదే దీనిలోని మోసం. పట్టుకోవడానికి మార్గం ఒకటే. వీపు పైకి వచ్చేలా నాలుగైదు చోట్ల మెల్లగా మడిచి, ఫోను దగ్గరగా పెట్టి, చప్పుడు వినిపించేలా వీడియో తీయమనండి. పడుగు బాగుంటే ఏ చప్పుడూ రాదు. పుచ్చి ఉంటే ఎండు పుల్లలు విరిగినట్టు సన్నగా పటపటమంటుంది. ఆ చప్పుడు విన్న తివాచీని ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, మొదటి ఉతుకులోనే చిరుగుతుంది. పూలకుండీ ఏళ్ళతరబడి ఉన్న చోట గుండ్రంగా పుచ్చుతుంది కాబట్టి మూలల దగ్గర తప్పకుండా మడిపించాలి.

ఇంకో వీడియో కూడా అడగండి. తివాచీని పగటి వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే బొక్కలు, పలచబడ్డ చోట్లు చుక్కల్లా మెరుస్తాయి. నాలుగు పక్కలా అంచుపట్టీ సమానంగా ఉందో లేదో కూడా చూడాలి. ఒక పక్క పట్టీ మాయమైతే అరిగిపోయిన భాగాన్ని కోసేశారని అర్థం. పల్లె మగ్గం మీద నేసినవి ఒక చివర రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పు తేడా రావడం మామూలు, అది లోపం కాదు. నేలమీద పరిస్తే మధ్యలో ఉబ్బి కూర్చోకపోతే మాత్రం లోపమే, దాన్ని ఏ ఇస్త్రీ సరిచేయదు.

రంగుల దగ్గరికి వద్దాం. 'సహజ రంగులు' అన్న మాటకు అదనపు ధర అడుగుతారు. తొలి కృత్రిమ రంగు 1856లో పుట్టింది, ఆ శతాబ్దం ముగిసేలోగా అనటోలియా పల్లెలకూ చేరింది. మంజిష్ఠ జాతి వేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం అద్దే పద్ధతి దాదాపు కనుమరుగైతే, 1981లో మొదలైన డొబాగ్ ప్రాజెక్టు దాన్ని మళ్ళీ పల్లెలకు నేర్పింది. కాబట్టి '1960ల నాటిది, అన్నీ వేరు రంగులే' అంటే ఆ మాటకు డబ్బు కట్టకండి. మంచి కృత్రిమ రంగు కూడా తరాలు నిలుస్తుంది. చూడవలసింది రంగు దిగుతోందా అన్నది. తెల్ల నూలు గుడ్డను తడిపి పిండి, ముదురు ఎరుపు, నలుపు ఉన్న చోట అర నిమిషం రుద్దాలి. గుడ్డకు ఛాయ అంటితే ఆ తివాచీ మన ఇళ్ళకు పనికిరాదు, ఒక్క చెంబు నీళ్ళు ఒలికితే ఎరుపు తెలుపులోకి పాకుతుంది. అరిగిన చోట రంగు పెన్నుతో పూసి దాచినా ఇదే పరీక్షలో బయటపడుతుంది. ఒకే రంగులో అడ్డంగా లేత, ముదురు చారలు కనిపిస్తే భయపడకండి. ఊలును విడతలు విడతలుగా అద్దినందువల్ల వచ్చే ఆ చారలను అబ్రాష్ అంటారు, చూసే కన్ను ఉన్నవాళ్ళు దానికే ముచ్చటపడతారు.

ఓవర్‌డైడ్ రకం చూడ్డానికి బాగుంటుంది, ధరా తక్కువే. కానీ ఊలును ఒకసారి గొరిగి, ఒకసారి రంగు వెలిసేలా చేసి, ఒకసారి అద్దారు. మిగిలిన పైల్ రెండు మూడు మిల్లీమీటర్లు. అందరూ నడిచే హాల్లో త్వరగా పడుగు తేలుతుంది. పడకగదిలో మంచం పక్కన వేసుకోవడానికి పరవాలేదు, అదీ తడిగుడ్డ పరీక్ష నెగ్గితేనే.

హెరెకె పట్టు తివాచీ వేరే లోకం. చదరపు సెంటీమీటరుకు 100 ముడులు, కొన్నిటిలో అంతకు మించి కూడా వేస్తారు. మన ఉక్కలో కాళ్ళకింద వేయవలసిన వస్తువు కాదది. 'టర్కిష్ సిల్క్' అని చవగ్గా వస్తే అది ఫ్లోష్, అంటే మెరుపు పట్టించిన నూలో, రేయానో అయి ఉంటుంది. కాలిస్తే కాగితం వాసన వస్తుంది.

మన ప్రాంతానికి అన్నిటికన్నా నప్పేది కిలిమ్. పైల్ లేదు కాబట్టి దుమ్ము దాగదు, బరువు తక్కువ, ఇద్దరు కలిసి డాబా మీదికి మోసుకెళ్ళి దులపొచ్చు, తడిసినా త్వరగా ఆరుతుంది. రెండు రంగులు నిలువుగా కలిసే చోట సన్నని చీలికలు ఉంటాయి. అవి చిరుగులు కావు, నేత పద్ధతే అంత. నడుముపై చేతులు పెట్టుకున్న స్త్రీ బొమ్మ, పొట్టేలు కొమ్ముల గుర్తు కిలిమ్‌లలో తరచు కనిపిస్తాయి. హాల్లో సోఫా ముందు మెత్తదనం కావాలంటే తక్కువ పైల్ ఉన్న, ఊలు పడుగు ఉషాక్ రెండో ఎంపిక. పాతదే కావాలన్న పట్టుదల లేక, చేత్తో ముడివేసిన ఊలు తివాచీ చాలనుకుంటే ఏలూరు తివాచీ చూడండి. వీపు తిప్పి, చేత్తో ఒత్తి చూసి కొనుక్కోవచ్చు, అదేమీ చిన్న లాభం కాదు.

కొలతలు సెంటీమీటర్లలోనే మాట్లాడుకోండి. 6 బై 9 అడుగులంటే 183 బై 274, దాదాపు 5 చదరపు మీటర్లు. ధరను చదరపు మీటరుకు లెక్కగట్టి పోల్చితేనే ఎవరు ఎక్కువ అడుగుతున్నారో తేలుతుంది. కస్టమ్స్‌లో ముడులు వేసిన తివాచీ 5701 కోడ్ కింద, కిలిమ్ 5702 కింద వస్తాయి. సుంకం, ఐజీఎస్టీ, కొరియరు వాళ్ళ చార్జీ కలిపి ఇంటికి చేరేసరికి ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా అడగండి. కొరియరు వాళ్ళు కేవైసీ పత్రాలు అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోకపోతే కట్ట గోదాములో ఆగిపోతుంది. 'గిఫ్ట్ అని రాసి తక్కువ ధర వేస్తాం' అంటే ఒప్పుకోవద్దు. తప్పు కొన్నవాళ్ళ మీదికే వస్తుంది, సరుకు పోతే బీమా కూడా ఆ తక్కువ ధరకే. నూరేళ్ళు దాటిందని ఎవరైనా చెబితే ఇంకా జాగ్రత్త. పురాతన వస్తువులను దేశం దాటించడాన్ని టర్కీ 1983 నాటి 2863 నంబరు చట్టంతో కట్టడి చేస్తుంది. కాగితాలు లేకుండా పంపుతామంటే వయసన్నా అబద్ధం, పంపే తీరన్నా తప్పు.

ఇంటికి వచ్చాక మొదటి చిక్కు గచ్చుతోనే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు మీదైనా, విట్రిఫైడ్ టైల్స్ మీదైనా తివాచీ జారుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో కింద ప్యాడ్ తప్పనిసరి. ఫెల్టుకు సహజ రబ్బరు అతికించిన 5, 6 మిల్లీమీటర్ల ప్యాడ్ తీసుకుని, తివాచీకన్నా నాలుగు వైపులా 2, 3 సెంటీమీటర్లు తక్కువగా కోయించండి. చవగ్గా దొరికే పీవీసీ జాలీ వద్దు, వేసవి వేడికి మెత్తబడి మెరుగు పెట్టిన రాతికి అంటుకుని మచ్చ వదులుతుంది. గచ్చు తుడిచేటప్పుడు తివాచీని చుట్టి పైన పెట్టి, నేల పూర్తిగా ఆరాకే పరవాలి. చాలా ఇళ్ళలో తివాచీ పాడయ్యేది ఇక్కడే. ఫినాయిల్ నీళ్ళు రోజూ తగిలిన అంచు ముందు నల్లబడుతుంది, తర్వాత ఊడుతుంది.

చేపల పులుసు ఒలికితే రుద్దొద్దు. స్పూనుతో ఎత్తేసి, తెల్లగుడ్డతో అద్ది, ఒక పాలు తెల్ల వెనిగర్‌కు మూడు పాళ్ళు చల్లని నీళ్ళు కలిపి మళ్ళీ అద్దాలి. బట్టల సబ్బుపొడి ముట్టించకండి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఎంజైము పొడులైతే ఊలునే తినేస్తాయి. పసుపు ఛాయ మిగిలితే రెండు మూడు రోజులు పొద్దుటి ఎండ చూపిస్తే చాలావరకు పోతుంది. పెద్ద ఉతుకు ఏదైనా సంక్రాంతి దాటాకే. ఊలు తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చుకుని కూడా చేతికి పొడిగా తగులుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిపితే లోపల ఆరదు. గుండ్రంగా తిరిగే బ్రష్షుతో షాంపూ చేసే వాళ్ళకు ఇవ్వొద్దు, ముడులు లేస్తాయి. కుచ్చులు ఊడుతుంటే మాత్రం చీరలకు కుచ్చులు వేసేవాళ్ళ చేత గట్టిగా ముడి వేయించండి, పక్క ముడులు జారకుండా ఆగుతాయి.

వానాకాలంలో పక్కన పెట్టాలనుకుంటే మడవకుండా చుట్టి, పాత నూలు పంచెలో కట్టి, నేలకు తగలకుండా ఎత్తులో పెట్టండి. పాలిథీన్‌లో చుడితే తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. వేపాకు, కలరా ఉండలు పెట్టి ఊరుకుంటే చాలదు. ఊలు తినే పురుగు చీకట్లో, కదలిక లేని చోట పెరుగుతుంది కాబట్టి నెలకోసారి విప్పి రెండు వైపులా వాక్యూం పట్టాలి. వీపున తెల్లని బూజుగూడు లాంటి పోగులు, ఇసుక రవ్వల్లాంటి రెట్టలు కనిపిస్తే దాన్ని మిగతా ఊలు బట్టల నుంచి అదే రోజు వేరు చేయండి. చిన్న కిలిమ్ అయితే గాలి చొరని కవరులో కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజు మామూలు వేడికి రానిచ్చి, అప్పుడు దులపండి.