ఎనిమిదుల జత వస్తే ఏది మేలు: ఫోల్డా, కాలా, ఆల్-ఇన్నా?

ఆ మధ్య గోవాలో ఒక పోకర్ టోర్నమెంట్‌కి వెళ్ళాను. సాయంత్రం ఏడు దాటేసరికి నా దగ్గర 18 బిగ్ బ్లైండ్ల చిప్స్ మిగిలాయి (బిగ్ బ్లైండ్ అంటే కార్డులు చూడకముందే ఒకరు తప్పక పెట్టాల్సిన పందెం, చిప్స్‌ను దానితోనే కొలుస్తాం). బొటనవేలితో కార్డుల మూల ఎత్తి చూస్తే కళావరు తొమ్మిది, దాని కింద ఆఠీన్ తొమ్మిది. అప్పటికే నా ముందు కూర్చున్నతను 2.2 బ్లైండ్లకు రేజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. ఫ్లాప్, అంటే అందరికీ ఉమ్మడిగా మధ్యలో పరిచే మొదటి మూడు కార్డులు, ఎలా పడుతుందో చూద్దామని కాల్ చేశాను, అంటే అంతే పందెం కట్టాను. రాజు, జాకీ, నాలుగు పడ్డాయి. అతను బెట్ వేశాడు, నేను కార్డులు పడేశాను, అదే ఫోల్డ్. టేబుల్ ఒక చుట్టు తిరిగాక ఏడుల జత వచ్చింది. మళ్ళీ కాల్ చేశాను, ఫ్లాప్‌లో రాణి పడింది, మళ్ళీ ఫోల్డ్. పెద్ద హ్యాండ్ ఒక్కటీ ఓడిపోలేదు. అయినా 18 కాస్తా 11 అయింది. హైదరాబాద్ తిరిగొచ్చే బస్సులో నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేసుకున్నాను. కింద రాస్తున్నదంతా ఆ రాత్రి మొదలైన లెక్కే.

ముందుగా ఒక మాట. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతటా అదే నిషేధం వచ్చింది. కాబట్టి నేను చెప్పేది లైసెన్సున్న కాసినోల్లో టేబుల్ దగ్గర కూర్చుని ఆడే టోర్నమెంట్ల గురించి, డబ్బు లేకుండా స్నేహితులు ఇంట్లో ఆడుకునే ఆట గురించి.

ఆసుల జతో రాజుల జతో వస్తే ఏం చేయాలన్న సందేహం ఎవరికీ ఉండదు. రెండులు, మూడులు వస్తే మనమే పెద్దగా ఆశ పెట్టుకోం. చిక్కంతా ఏడు నుంచి పది దాకా ఉన్న జతలతోనే. చూడగానే ముచ్చటేస్తాయి, ఫ్లాప్ పడగానే గుండె జారిపోతుంది. చేతిలో ఏడుల జత ఉంటే ఫ్లాప్‌లో అంతకంటే పెద్ద కార్డు కనీసం ఒకటైనా పడే అవకాశం 92 శాతం. ఎనిమిదులకు 87, తొమ్మిదులకు 79, పదులకు 70 శాతం దాకా. అదే నంబరు మూడో కార్డు వచ్చి సెట్ కుదిరే అవకాశం దాదాపు 12 శాతం, అంటే 17 సార్లలో 2 సార్లు. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ‘ఫ్లాప్ చూద్దాం’ అనే మాటకు ఎంత ఖరీదు పడుతుందో తెలుస్తుంది.

అలాగని కాల్ ఎప్పుడూ తప్పని కాదు. టోర్నమెంట్ మొదట్లో అదే మంచి దారి. లాస్ వెగాస్‌లో ఏటా జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో 10,000 డాలర్లు కట్టినవాళ్ళకు 60,000 చిప్స్ ఇస్తారు, ఆట 100-200 బ్లైండ్లతో, అంటే స్మాల్ బ్లైండ్ 100, బిగ్ బ్లైండ్ 200తో మొదలవుతుంది. అంటే చేతిలో 300 బిగ్ బ్లైండ్లు. మన దగ్గర అంత ఉండదు, 100 అనుకుందాం. ఎవరో 2.5కి రేజ్ చేశారు, మీరు ఎనిమిదులతో కాల్ చేశారు. 17 సార్లు ఇలా చేస్తే 15 సార్లు సెట్ తగలక 37.5 బ్లైండ్లు పోతాయి. తగిలిన రెండుసార్లు ఒక్కోదానికి 19 బ్లైండ్లు రాబట్టుకుంటే చాలు, లెక్క సరిపోతుంది. అవతలివాడి దగ్గర ఇంకా 97 ఉన్నాయి. అతని చేతిలో ఆసుల జత ఉంటే వదలడు, 19 కంటే చాలా ఎక్కువే వస్తుంది. చేతిలో ఇన్ని చిప్స్ ఉన్నప్పుడు మళ్ళీ రేజ్ చేయడం నాకు నచ్చదు. మన కంటే చిన్న చేతులన్నీ పారిపోతాయి, పెద్దవన్నీ ఇంకా పెద్ద రేజ్‌తో తిరగబడతాయి. ఇక మనకు ముందు ఎవరూ పందెం తెరవకపోతే మాత్రం కాల్ మాటే వద్దు, రేజ్‌తోనే తెరవాలి.

అసలు గొడవ 15 నుంచి 25 బ్లైండ్ల మధ్య మొదలవుతుంది. టోర్నమెంట్‌లో మనం ఎక్కువసేపు గడిపేది ఇక్కడే, ఎక్కువమంది చిప్స్ కారిపోయేదీ ఇక్కడే.

నా తొమ్మిదుల హ్యాండే తీసుకుందాం. 18 బ్లైండ్లున్నాయి, కాల్‌కు 2.2 పెట్టాను. 17 సార్లు ఇలా చేస్తే 15 సార్లకు పోయేది 33 బ్లైండ్లు. సెట్ తగిలిన రెండుసార్లూ అవతలివాడు తన చిప్స్ మొత్తం పోస్తే, బ్లైండ్లు, యాంటీతో (ప్రతి హ్యాండ్‌కు ముందే బ్లైండ్లతో పాటు పెట్టే అదనపు చిప్స్) కలిపి ఒక్కోసారి 20.5 చొప్పున 41 వస్తాయి. కాగితం మీద లాభమే. కానీ అతను రెండుసార్లూ మొత్తం పోయాలి. ఆసు-రాణితో ఫ్లాప్ తగలనివాడు ఒక బెట్ వేసి ఆగిపోతాడు. సగంసార్లు అలా ఆగినా ఆ లాభం కాస్తా నష్టమైపోతుంది. సెట్ లేకుండా తొమ్మిదులే గెలిచే సందర్భాలు ఉంటాయి, కాదనను. ఎనిమిది, ఐదు, రెండు లాంటి ఫ్లాప్ పడితే హాయిగా ఆడొచ్చు. అలాంటివి అయిదింట ఒకటి. మిగతా నాలుగుసార్లు రాజునో రాణినో చూస్తూ టెన్షన్ పడాలి.

అదే హ్యాండ్‌లో ఆల్-ఇన్ అని, అంటే ఉన్న చిప్స్ మొత్తం మధ్యలోకి తోసేసి ఉంటే? మధ్యలో అప్పటికే అతని 2.2, బ్లైండ్లు, యాంటీ కలిపి 4.7 ఉన్నాయి. అతను పదింట ఆరుసార్లు పడేస్తాడనుకుందాం. సగటున 2.8 బ్లైండ్లు ఊరికే మనవి. మిగతా నాలుగుసార్లు కాల్ చేస్తాడు, మంచి కార్డులతోనే చేస్తాడు కాబట్టి మనం గెలిచేది 42 శాతమే అనుకుందాం. అక్కడ సగటున 0.7 పోతుంది. అయినా నికరంగా 2 బ్లైండ్లు మిగులుతాయి. కాల్ చేస్తే గెలవడానికి ఒక్కటే దారి, మనకు నచ్చే ఫ్లాప్ పడాలి. తోసేస్తే రెండు దారులు: అవతలివాడు పడేయొచ్చు, లేదా కాల్ చేశాక మన జత నిలబడొచ్చు. గోవాలో ఆ సాయంత్రం నేను వదులుకున్నది ఆ మొదటి దారిని.

తోసేయడం, ఎవరో తోస్తే కాల్ చేయడం, ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. రెండింట్లోనూ చిప్స్ మొత్తం మధ్యలోకే వెళ్తాయి కదా అని. కానీ రెండింటికీ చాలా తేడా ఉంది. కాల్ చేసేటప్పుడు అవతలివాడు పడేసే అవకాశం సున్నా. మిగిలేది కార్డుల బలమే. ఎనిమిదులు ఆసు-రాజు మీద సుమారు 55 శాతం గెలుస్తాయి. తమ కంటే పెద్ద జత ఎదురైతే 20 శాతం కూడా దాటవు. అంటే మంచి రోజున బొమ్మా బొరుసూ, చెడ్డ రోజున అయిదింట ఒకటి. అందుకే అవే ఎనిమిదులతో తోయడానికి నేను వెనకాడను. టేబుల్‌లో ముందు సీట్లలో ఉన్నవాడు తోస్తే కాల్ చేయడానికి మాత్రం రెండుసార్లు ఆలోచిస్తాను.

ఈ జతల బతుకు ఎలా ఉంటుందో చూడాలంటే 2009 మెయిన్ ఈవెంట్ ఫైనల్ టేబుల్ గుర్తుచేసుకోవాలి. 6,494 మంది ఆడిన ఆ టోర్నమెంట్‌ను 21 ఏళ్ళ జో కాడా గెలిచాడు. ఫైనల్ టేబుల్‌లో అతని మూడులు జెఫ్ షుల్మన్ జాకీల జతకు ఎదురుపడ్డాయి. సెట్ తగిలి బతికాడు. తర్వాత రెండులు ఆంట్వాన్ సావూట్ రాణుల జతకు ఎదురుపడ్డాయి. మళ్ళీ సెట్టే. ఆ తర్వాత సావూట్ చేతిలో ఎనిమిదులు, కాడా చేతిలో ఆసు-రాజు. ఎనిమిదులు నిలబడలేదు, సావూట్ మూడో స్థానంలో వెళ్ళిపోయాడు. ఆఖరి హ్యాండ్‌లో కాడాకు తొమ్మిదులు వచ్చాయి. చిప్స్ మొత్తం తోసింది కాడా. డార్విన్ మూన్ రాణి-జాకీతో కాల్ చేశాడు. బోర్డు మీద రాణీ పడలేదు, జాకీ పడలేదు. మూడులు, రెండులతో అతను బయటపడింది అదృష్టమే, అలా ఆడమని ఎవరికీ చెప్పను. ఆఖరి తొమ్మిదుల హ్యాండ్ మాత్రం నాకు వేరుగా కనిపిస్తుంది. మూన్ పడేసినా కాడాకు లాభమే, కాల్ చేసినా తొమ్మిదులదే కాస్త పైచేయి.

సీటు సంగతి క్లుప్తంగా చెప్తాను. తొమ్మిదిమంది టేబుల్‌లో మొదట మాట్లాడాల్సింది మీరే అయితే, మిగతా ఎనిమిదిమందిలో ఒకరి దగ్గరైనా ఎనిమిదుల కంటే పెద్ద జత ఉండే అవకాశం 21 శాతం. డీలర్ బటన్ మీద, అంటే మీ తర్వాత బ్లైండ్లు పెట్టిన ఇద్దరే మిగిలే సీటులో ఉండి, అందరూ పడేశాక మీ వంతు వస్తే అది 6 శాతం. 20 బ్లైండ్లతో మొదటి సీటులో ఉంటే నేను చిన్న రేజ్ చేస్తాను, వెనక ఇద్దరు గట్టిగా తిరగబడితే వదిలేస్తాను. బటన్ మీద 12 బ్లైండ్లుంటే ఆలోచించకుండా తోసేస్తాను.

ఇక బహుమతులకు ఒకరిద్దరి దూరంలో ఉన్నప్పుడు, బబుల్ అంటామే, అక్కడ లెక్క మారిపోతుంది. రెట్టింపైన చిప్స్‌కు రెట్టింపు డబ్బు రాదు, పోయిన చిప్స్‌తో మాత్రం ఆట మొత్తం పోతుంది. అందుకే అక్కడ 55 శాతం కూడా చాలకపోవచ్చు. మీ కంటే ఎక్కువ చిప్స్ ఉన్నవాడు తోస్తే తొమ్మిదులు పడేయడం పిరికితనం కాదు. మీ కంటే తక్కువ ఉన్నవాళ్ళ మీద మీరే తోస్తే అదే భయం వాళ్ళను పట్టుకుంటుంది. పెద్ద టోర్నమెంట్‌కు సీట్లు గెలుచుకునే శాటిలైట్‌లో ఇంకా కఠినం. పది సీట్లుంటే మొదటివాడికీ పదోవాడికీ అదే సీటు. సరిపడా చిప్స్ ఉన్నప్పుడు మధ్య జతలే కాదు, పదకొండో మనిషి వెళ్ళేదాకా ఆసుల జత పడేయాల్సిన సందర్భాలూ వస్తాయి.

కాల్ గురించి ఇంత చెప్పాను కానీ ఒక్కచోట మాత్రం వెనకాడను. బబుల్ దూరంగా ఉంది, నేను బిగ్ బ్లైండ్‌లో ఉన్నాను, అందరూ పడేశారు, స్మాల్ బ్లైండ్‌లో ఉన్నతను 12 బ్లైండ్లు తోశాడు. నేను 11 పెడితే మొత్తం 25 అవుతుంది, 44 శాతం గెలిస్తే చాలు. నేనొక్కడినే మిగిలానని అతను దాదాపు సగం చేతులతో తోస్తాడు, ఆసు-మూడు, రాజు-ఆరు, ఏదైనా కావచ్చు. అన్నిటి మీదా కలిపి చూస్తే ఎనిమిదులు 60 శాతానికి పైగానే గెలుస్తాయి. అక్కడ కాల్ చేస్తాను, ఏడులైనా సరే.