అడవి అన్నారు, పల్లీ చేలు చూపించారు

మనిషికి 5,200. రెండు పగళ్ళు, ఒక రాత్రి, మూడు పూటల స్వారీ, టెంటులో బస, తిండి వాళ్ళదే. "నల్లమల నడి అడవిలో గుర్రం మీద, ఆరుగురికి మించని చిన్న బృందం" అని ఫోన్లో ఆ కుర్రాడు చెబుతుంటే మా ఆవిడ స్పీకర్ పెట్టించి మరీ వింది. ఐదుగురికి 26,000. అందులో సగం, అంటే 13,000, ముందే పంపాం. తీరా లెక్క చూసుకుంటే మా గుర్రాలు అడవిలో వేసిన అడుగులు సున్నా. పల్లీ చేలల్లో మాత్రం తనివితీరా తిరిగాం.

వెళ్ళింది నేను, మా ఆవిడ, మా అమ్మాయి, మా బావమరిది, అతని భార్య. నల్లగొండలో పొద్దున ఆరింటికి బయలుదేరి దేవరకొండలో ఇడ్లీ తిని, డిండి మీదుగా అచ్చంపేట చేరాం. రోడ్డు బాగుంది. చెప్పడానికి ఇంకేమీ లేదు.

వాళ్ళు పంపిన లొకేషన్ అచ్చంపేట దాటాక మట్టిబాటలో ఒక మామిడితోట దగ్గర ఆగింది. అక్కడ మాకంటే ముందే ఇంకో కుటుంబం దిగి ఉంది, నలుగురు. అంటే మొత్తం తొమ్మిది మందిమి. గుర్రాలు నాలుగు, అందులో ఒకటి పిల్లలెక్కే పొట్టి టట్టు. "ఆరుగురికి మించరన్నారు కదా?" అని మేనేజరు కుర్రాణ్ణి అడిగాను. "రెండు బృందాలు సార్, ఒకటి ఐదు, ఒకటి నాలుగు. ఆరు దాటలేదు" అన్నాడు. లెక్కల మాస్టారు దొరికినట్టు మా అమ్మాయి పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గుర్రాలను చూసుకునే పెద్దాయన్ని అందరూ చాచా అనే పిలుస్తున్నారు. ఈ యాత్రలో పెట్టిన డబ్బుకు ఏమన్నా గిట్టుబాటు అయిందంటే ఆయన వల్లే. ముప్పై ఏళ్ళు హైదరాబాదు పాతబస్తీలో బరాత్ గుర్రాలు తిప్పాడట. ఆ రోజుల్లోంచి తెచ్చుకున్న ఆడగుర్రం ఒకటి ఇప్పటికీ ఆయనతో ఉంది, పేరు బేగం. మార్వాడీ జాతిది. వాటి చెవులు వింతగా ఉంటాయి, కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. బేగం చెవులు ముందుకు పెట్టినప్పుడు రెంటి మధ్య చిన్న తోరణం కట్టినట్టుంది.

చాచా ఎవర్నీ వెంటనే ఎక్కించలేదు. వరసగా నిలబెట్టి పైనుంచి కిందికి చూసి, మా బావమరిది దగ్గర ఆగాడు.

"సారు ఎంతుంటరు?"

"ఎనభై ఐదు" అన్నాడు మావాడు.

"అబద్ధం. తొంభై ఆరు" అంది పక్కనుంచి అతని భార్య.

"గా ఎర్ర గుర్రం మూడున్నర క్వింటాళ్ళుంటది సార్. జీనుతోటి కలిపి మీరు క్వింటాల్ దాటుతరు. దాని నడుం నేను ఇయ్య. మీకు బేగమే." గుర్రం బరువులో ఐదో వంతుకు మించి దాని వీపు మీద పడకూడదని గుర్రాల వాళ్ళు చెప్పే లెక్క. చాచా దాన్ని పుస్తకంలో చదివి ఉండడు. మా బావమరిదికి మాత్రం తొమ్మిది మంది ముందు తూకం వేసినట్టయింది. ఆ పూటంతా మొహం మాడ్చుకునే ఉన్నాడు.

జీను బిగించడంలో ఒక మర్మం ఉందని నాకు అక్కడే తెలిసింది. కడుపు కింది పట్టీ లాగేటప్పుడు గుర్రం ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. మనం గట్టిగా బిగిందనుకుంటాం, అది ఊపిరి వదలగానే పట్టీ వదులవుతుంది. అందుకని చాచా ఒకసారి బిగించి, గుర్రాన్ని పది పన్నెండు అడుగులు నడిపించి, దానితో ఏదో మాట్లాడుతూ మళ్ళీ రెండు రంధ్రాలు లాగేవాడు. పట్టీకి, చర్మానికి మధ్య రెండు వేళ్ళు దూర్చి చూసుకునేవాడు. అవతలి కుటుంబం వాళ్ళ గుర్రానికి మేనేజరు కుర్రాడు హడావిడిగా తనే కట్టాడు. తోట గేటు దాటకముందే జీను పక్కకు తిరిగి, వాళ్ళాయన మెల్లగా, చాలా మెల్లగా, బస్తా జారినట్టు కిందికి దిగిపోయాడు. దెబ్బేమీ తగల్లేదు. లేచి దుమ్ము దులుపుకుని, ఇక టట్టు తప్ప ఇంకేదీ ఎక్కనన్నాడు.

నేను బిగుసుకుపోయి కూర్చున్నాను. మా ఆవిడ ముందు అసలు ఎక్కనే ఎక్కనని కూర్చుంది. చాచా ఆమెతో, "అమ్మా, గుర్రాన్ని చూడకుండ్రి. ఎటు పోవాల్నో అటు చూడుండ్రి. అది గూడ అటే పోతది" అన్నాడు. ఇరవై నిమిషాల్లో ఆవిడ మా అందరికంటే ముందుంది. స్కూటీ నేర్పేటప్పుడు నేనూ సరిగ్గా ఇదే మాట చెప్పానని గుర్తుచేస్తే, "మీరు చెప్పలేదు, అరిచారు" అంది.

సాయంత్రం స్వారీ 'దట్టమైన అడవి బాట' అని కాగితంలో ఉంది. పల్లీ చేలు, పత్తి ఏరేసిన మోళ్ళు, ఒక ఎండిన వాగు. నాలుగు గుర్రాలకు తొమ్మిది మందిమి వంతులేసుకున్నాం కాబట్టి నా వంతుకు నలభై నిమిషాలు వచ్చాయి. దూరంగా నల్లమల కొండలు నీలంగా కనిపిస్తూనే ఉన్నాయి, దగ్గరికి మాత్రం రావడం లేదు. చివరికి చేలు అయిపోయి, తునికి, నల్లమద్ది చెట్లు మొదలయ్యే చోట అటవీశాఖ బోర్డు ఉంది. దాని దగ్గర బైకు ఆపుకుని ఒక ఫారెస్టు ఉద్యోగి నిలబడి ఉన్నాడు. గొడవేమీ పెట్టుకోలేదు. "గుర్రాలు ఇక్కడికే" అన్నాడు, అంతే.

మేనేజరు కుర్రాడు మా వైపు తిరిగి, "సారీ సార్, ఇవ్వాళ్టి నుంచి ఏదో కొత్త రూలంట" అన్నాడు.

"కొత్తది కాదు తమ్మీ, 1972ది" అన్నాడు ఆ ఉద్యోగి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ఏడాదిదే. అభయారణ్యంలో అడుగుపెట్టాలంటే అనుమతి ఉండాల్సిందే. ఇదేమో పులుల అడవి. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వుగా మొదలై, రాష్ట్రం విడిపోయాక మన వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. అందులోకి పెంపుడు గుర్రాల మీద తొమ్మిది మంది సెల్ఫీలు తీసుకుంటూ పోతామంటే ఎవరు ఊరుకుంటారు? ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: "మీ జంతువుల జబ్బులు మా దుప్పులకు ఎందుకు సార్? ఇంకొకటి, లోపల ఏదన్నా వాసన తగిలి గుర్రం బెదిరిందంటే పడేది మీరే." నాకు ఆయన మీద కోపం రాలేదు. ఈ సంగతంతా తెలిసి కూడా 26,000కు ఆ అడవినే మాకు అమ్మినవాడి మీద వచ్చింది.

బస గురించి కూడా చెప్పాలి. టెంటు తలుపు జిప్పు పాడైంది. బాగుచేయమంటే బట్టలు ఆరేసే క్లిప్పులు ఆరు ఇచ్చారు. తొమ్మిది మందికి ఒకటే బాత్రూము. వేడినీళ్ళ బకెట్‌కు 50 రూపాయలు, అదీ ముందు చెప్పలేదు. రాత్రి భోజనంలో పనీర్ కూర, మైదా రొట్టె. పాలమూరు నేల మీద కూర్చుని పనీర్ తినడానికా ఇంత దూరం వచ్చామని మా బావమరిది మొదటిసారి నోరు విప్పాడు. ఆకలేసి అందరం లేచి, గుర్రాల పాక దగ్గర వెలుతురు కనిపిస్తే అటు నడిచాం.

అక్కడ మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసాలో ఉలవలు ఉడుకుతున్నాయి, గుర్రాలకు పొద్దుటి దాణా. చాచా వాళ్ళావిడ పక్క పొయ్యి మీద జొన్నరొట్టెలు కొడుతోంది. మమ్మల్ని చూసి ఒక్క మాటా అనకుండా డేగిసాలోంచి గరిటెడు ఉలవలు తీసి, ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు కలిపి విస్తరాకులో పెట్టింది. వేడి వేడి గుగ్గిళ్ళు. తర్వాత రొట్టె, చింతకాయ తొక్కు. మా అమ్మాయి ఇంట్లో జొన్నరొట్టె ముట్టదు, ఇక్కడ మూడు తింది. అప్పటిదాకా అలిగి ఉన్న మా బావమరిది ఐదో రొట్టె దగ్గర, "చాచా, రేపు నన్ను మళ్ళీ తూకం వేయొద్దు" అన్నాడు. డబ్బులిస్తే చాచీ తీసుకోలేదు.

రెండోరోజు పొద్దుటి స్వారీకి అడవి ఊసే లేదు. పక్క ఊరి చెరువుగట్టు దాకా వెళ్ళి రావాలి. ఆ ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు అప్పుడే అయ్యాయి. గెలిచిన సర్పంచ్ ఊరేగింపు బొడ్రాయి దగ్గర ఉంది. డప్పులు, గులాల్, పటాకులు. చాచా ముందే పసిగట్టి, "సారూ, దిగుండ్రి, జల్ది దిగుండ్రి" అన్నాడు. మా బావమరిదికి ఎందుకో అర్థంకాలేదు.

డప్పు దరువు మారింది. బేగం చెవులు రెండూ నిక్కబొడిచింది. తల ఎత్తింది, మెడ విల్లులా వంచింది, ముందు కుడికాలు లేపి దించింది, తర్వాత ఎడమకాలు. ఎన్ని వందల పెళ్ళికొడుకులను మోసిందో, దానికి ఆ చప్పుడంటే ఒకటే అర్థం. నడివీధిలో నాట్యం మొదలుపెట్టింది. పైన మా బావమరిది రెండు చేతులతో జీను పట్టుకుని "ఆపండి, ఆపండి" అంటుంటే, ఊరి జనానికి అది "కొట్టండి, కొట్టండి" అన్నట్టు వినిపించిందో ఏమో, డప్పుల వాళ్ళు చుట్టూ చేరి ఇంకా గట్టిగా అందుకున్నారు. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు. ఇంకెవరో నెత్తిన గులాల్ గుమ్మరించారు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి, "మీరు పార్టీ నుంచి వచ్చినారా సారూ?" అని అడిగాడు. చాచా కళ్ళెం పట్టుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ మెల్లగా బయటికి నడిపించేదాకా ఐదు నిమిషాలు పట్టింది. దిగాక మావాడి మోకాళ్ళు వణుకుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ తర్వాత రోజంతా అతనొక్కడే మాట్లాడాడు.

మూడో పూట స్వారీ లేదు. ఎర్ర గుర్రం వీపు మీద జీను ఒరిసి రూపాయి బిళ్ళంత మేర తోలు లేచింది. చాచా ఎవరు చెప్పినా వినలేదు, జీనులన్నీ తీసి పాకలో పెట్టేశాడు. నేను ఆయన పక్షమే. అయితే బిల్లులో ఆ పూట తగ్గించాలి కదా? మేనేజరు కుర్రాడు తెచ్చిన కాగితంలో మిగతా 13,000తో పాటు హెల్మెట్ల అద్దె ఐదుకు 1,000, చలిమంట కట్టెలు 800, మొత్తం 14,800 ఉంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, ఇక్కడ గుర్రమే లేకపోయినా తప్పలేదు. గంటసేపు వాదించాను. గొంతు పెంచింది నేను కాదు, మా ఆవిడ. "బోర్డు దగ్గర ఆ ఫారెస్టు ఆయన్ను పిలిపించి మాట్లాడదామా?" అన్న ఒక్క మాటతో లెక్క 9,000కు దిగింది. అలా 26,000 అనుకున్నది 22,000కు తెగింది. చాచా చేతిలో విడిగా 1,000 పెట్టాం. పెట్రోలుకు 2,200.

మిగిలిన పూట మన్ననూరు వెళ్ళి అటవీశాఖ బండిలో ఫర్హాబాద్ దాకా తిరిగొచ్చాం. నిజాం కాలపు వేట బంగళా ఆనవాళ్ళు, కొండ అంచు నుంచి కనుచూపుమేర పచ్చదనం, రెండు దుప్పుల గుంపులు, ఒక కణుజు (సాంబరు జింక). పులి కనిపించలేదు. వెంట వచ్చిన చెంచు కుర్రాడు ప్రతి చెట్టుకీ పేరు చెప్పాడు. అడవి కావాలనుకుంటే ముందు ఇక్కడికే రావాల్సింది. అయితే జూలై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి.

గుర్రాలు కూడా కావాలంటే మాత్రం డబ్బు పంపేముందు కొన్ని అడగండి. ఏ బాటలో తీసుకెళ్తారో ఊళ్ళ పేర్లతో సహా రాసి పంపమనండి. 'అడవి' అంటే ఏ అడవో చెప్పమనండి. మనిషికో గుర్రమా, వంతులా? అక్కడికి వెళ్ళాక ఎక్కేముందు జీను కింది గుడ్డ ఎత్తి వీపు చూడండి, పుండు ఉంటే ఎక్కొద్దు. బూటుకు కొంచెం మడమ ఉండాలి, లేకపోతే కాలు పెట్టే రికాబులోంచి పాదం అవతలికి దూరిపోతుంది. పొట్టి నిక్కర్లు వద్దే వద్దు. నేను విన్లేదు, నాలుగు రోజులు తొడలకు కొబ్బరినూనె రాసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు డిండిలో చేపల వేపుడు తిన్నాం, ప్లేటు 120, బాగుంది. కారు వెనక సీటు మీద మా బావమరిది కూర్చున్న చోట గులాల్ మరక రెండు వారాలైనా పోలేదు. సర్వీసింగ్ వాడు 350 అడుగుతున్నాడు. ఇవ్వమంటే, "ఉండనీ బావా" అంటున్నాడు.