సొంతంగా చేసుకున్న గోడ అలమార: ప్రీల్యామ్ బోర్డు ఏళ్ల వాడకంలో ఎలా నిలిచింది

ముందే తీర్పు చెప్పేస్తాను. ప్రీల్యామ్ పార్టికల్ బోర్డుతో గోడ అలమార సొంతంగా చేసుకోవచ్చు, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. కాకపోతే ఆ బోర్డు నిలిచేదీ పాడయ్యేదీ అంచుల దగ్గరే. షీటు మీది రంగు, డిజైన్ ఎంచుకోవడానికి గంటలు గంటలు కూర్చునేవాళ్లు కూడా ఆ షీటును ఎవరు కోస్తారు, కోసిన అంచుకు ఏం అతికిస్తారు అని అడగరు. నా అలమార ఒక గోడ మొత్తం పట్టి నేల నుంచి సీలింగ్ దాకా ఉంటుంది. లోపలి డబ్బాలన్నీ 18 మి.మీ. పార్టికల్ బోర్డు, తలుపులు అదే మందం ఎండీఎఫ్ (పేళ్లకు బదులు సన్నటి చెక్క పీచుతో నొక్కిన పలక), వెనక పలక 6 మి.మీ. ఎండీఎఫ్. బట్టలు, దుప్పట్లు, పుస్తకాలు, ఏ ఫోనుదో తెలియని ఛార్జర్లు అన్నీ అందులోనే. రోజుకు ఎన్నిసార్లు తీసి మూస్తామో లెక్కే లేదు. వానాకాలాలు కూడా బాగానే చూసింది.

చెక్క పేళ్లను జిగురుతో కలిపి వేడి మీద నొక్కిన పలకే పార్టికల్ బోర్డు. దానికి రెండు వైపులా మెలమైన్ రెజిన్‌లో నాన్చిన డిజైన్ కాగితం అతికిస్తే ప్రీల్యామ్. ఆ పైపొర గట్టిది, తడిగుడ్డతో తుడిచినా ఏమీ కాదు. నీళ్లు తాగేది లోపలి పలక. రెండో వైపు కాగితం అందం కోసం వేసిందని చాలామంది అనుకుంటారు. ఒకవైపే ఉంటే గాలిలో తేమ రెండో వైపు నుంచి లోపలికి చేరి పలక విల్లులా వంగిపోతుంది. సాదా ప్లైవుడ్ తెచ్చి సన్మైకా అంటించే కార్పెంటర్లు లోపలి వైపు కూడా పలచటి లైనర్ వేసేది ఇందుకే. నీళ్లను తట్టుకోవడంలో, స్క్రూ పట్టులో ప్లైవుడ్డే మేలు, దాని మీద నాకు వాదన లేదు. కానీ సన్మైకా అంటించడం, జిగురు ఆరేదాకా బరువులు పెట్టడం, అంచులు ట్రిమ్ చేయడం అలవాటు లేని చేతికి పెద్ద పని. ప్రీల్యామ్‌లో ఆ పనంతా ఫ్యాక్టరీలోనే అయిపోయి వస్తుంది. నేను దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

కొనేటప్పుడు షీటు పైభాగం కంటే ముందు పక్క అంచు చూడండి. పేళ్లు మధ్యలో కొంచెం ముతకగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా, ఎక్కడా ఖాళీ లేకుండా ఉండాలి. గోటితో గీకితే పొడి రాలే షీటు స్క్రూను పట్టుకోదు. ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే రకానికి ఇ1 అనే గుర్తు ఉంటుంది. ఎప్పుడూ మూసి ఉండే అలమారకు అంతకంటే నాసి రకం వద్దు. ఇ1 తెచ్చినా కొత్తలో వాసన వచ్చింది, తలుపులు తెరిచి ఉంచితే మెల్లగా తగ్గింది. ఆ వాసన ఎక్కువగా బయటికొచ్చేది కోసిన అంచుల నుంచే కాబట్టి, కంటికి కనపడని అంచులకు కూడా టేపు (అంచును మూసే పలచటి పట్టీ) వేయించడం ఇక్కడా పనికొచ్చింది.

రంగు విషయంలో ఒక్కటే: కావాల్సిన షీట్లన్నీ, పైగా ఒకటి ఎక్కువే, ఒకే లాట్‌లోంచి ఒకేసారి తీసుకోండి. తర్వాత తెచ్చిన షీటు కోడ్ నంబరు అదే అయినా పక్కపక్కన పెడితే తేడా కనిపించవచ్చు. 2440×1220 మి.మీ. షీటు 18 మి.మీ. మందంలో 35 కిలోల పైమాటే. ఇద్దరు మనుషులు నిలువుగా పట్టుకుని మోయాలి, ఇంట్లో మాత్రం చదునుగా పడుకోబెట్టాలి. గోడకు వాలుగా చేరేసి వదిలేస్తే ఆ వంపు అలాగే ఉండిపోతుంది.

ఇక కోత. మొత్తం పనిలో నేను ఎక్కువ బుర్ర పెట్టింది ఇక్కడే.

షీటు మీద 18 అని రాసి ఉన్నా చేతిలోకి వచ్చిన షీటును కొలవాలి, ఆ తర్వాతే కటింగ్ లిస్ట్ రాయాలి. 900 మి.మీ. వెడల్పు డబ్బాలో పెట్టే అర (షెల్ఫ్) పొడవు 864 వస్తుంది, ఎందుకంటే రెండు పక్క పలకల మందం పోతుంది. బోర్డు అర మిల్లీమీటరు మందం ఎక్కువుంటే ఒక డబ్బాకే ఒక మిల్లీమీటరు తేడా, వరసగా పెట్టిన డబ్బాలన్నిటికీ కలిపితే తలుపుల సందులు పాడవుతాయి. దీనికి తోడు ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచుకు వేసే ఆ టేపు, మందం. 2 మి.మీ. పీవీసీ టేపు వేయించే ప్రతి అంచుకూ కోతలో 2 మి.మీ. తగ్గించి రాయాలి. కోసిచ్చే చోట లిస్టులో ఉన్నవి టేపు వేయకముందు కొలతలా, వేసిన తర్వాత కొలతలా అని నోటితో అడిగి తేల్చుకోండి. వాళ్ల సాఫ్ట్‌వేర్ తానే తగ్గించేస్తే రెండుసార్లు తగ్గుతుంది.

బ్లేడు కూడా బోర్డును తింటుంది. కోతకు 3 మి.మీ. అనుకుంటే, 1220 షీటులోంచి 610 ముక్కలు రెండు రావు. లోతు 600 పెట్టుకుంటే రెండు ముక్కలూ వచ్చి, ఫ్యాక్టరీ అంచును సన్నగా చెక్కేయడానికి కూడా చోటు మిగులుతుంది. రవాణాలో మూలలు దెబ్బతిని వస్తాయి కాబట్టి ఆ చెక్కుడు తప్పదు. చెక్క గీతల డిజైన్ అయితే ప్రతి ముక్క పక్కనా గీత ఎటు ఉండాలో బాణం గుర్తు వేయాలి. లేకపోతే షీటు పొదుపు చేసే సాఫ్ట్‌వేర్ ముక్కల్ని అడ్డంగా తిప్పేస్తుంది.

పొడుగు కోతలన్నీ ప్యానెల్ సా మీదే చేయించాను. మళ్లీ చేసినా అదే చేస్తాను. ఆ మిషన్‌లో అసలు బ్లేడు ముందు ఇంకో చిన్న బ్లేడు ఉంటుంది. అది ఎదురు దిశలో తిరుగుతూ కింది పొరలో సన్నటి గాడి వేస్తుంది, తర్వాత పెద్ద బ్లేడు బోర్డును దాటుతుంది. దానివల్ల రెండు వైపులా పెచ్చు లేవదు. చేతి రంపంతో ఎంత జాగ్రత్తగా కోసినా రెండు ముఖాలూ అంత శుభ్రంగా రావడం కష్టం. టేపు అతికే బలం కూడా ఆ అంచు ఎంత నున్నగా, ఎంత నిటారుగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. ముక్కలు వచ్చాక ఒకే కొలత ఉండాల్సినవి జతలుగా నిలబెట్టి చూడండి, పెద్ద ముక్కలకు మూల నుంచి మూలకు రెండు కొలతలూ తీయండి. ఆ రెండూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టే. తేడా ఉన్న ముక్కను అక్కడికక్కడే మార్పించుకోవాలి.

ఇంట్లో కోయక తప్పనివి గోడకు ఆనుకునే ముక్కలు. రసమట్టం పెట్టి చూస్తే ఏ గోడా నిటారుగా ఉండదు, ఏ మూలా 90 డిగ్రీలు రాదు. అందుకే డబ్బాలు గోడకు తగలకుండా రెండు చివరలా 40 మి.మీ. చొప్పున ఖాళీ వదిలి, ఆ సందును ఫిల్లర్ పట్టీతో మూశాను. పట్టీని గోడకు ఆనించి, గోడ వంపును పెన్సిల్‌తో దాని మీదికి దించి, ఆ గీత వెంట కోయడమే. మామూలు బ్లేడు వేసిన జిగ్‌సా, చేతి సర్క్యులర్ సా రెండింటికీ పళ్లు కింది నుంచి పైకి వస్తాయి. పెచ్చు పైముఖం మీద లేస్తుంది కాబట్టి కనిపించే ముఖాన్ని కిందికి తిప్పి కోయాలి. టేబుల్ సా మీద దీనికి సరిగ్గా ఉల్టా. సర్క్యులర్ సాకు 7 అంగుళాల బ్లేడైతే 60 పళ్లది వేసి, గీత మీద మాస్కింగ్ టేపు అంటించి, ముందు కట్టర్‌తో గట్టిగా గీరితే పెచ్చులు చాలా తగ్గుతాయి. కింద థర్మాకోల్ షీటు పరిస్తే బోర్డు చివరిదాకా ఆనుకుని ఉంటుంది, తెగిన ముక్క వేలాడి చీరుకుపోదు.

ముఖానికి కట్టుకున్న చేతిరుమాలు ఈ దుమ్మును ఆపదు, మంచి మాస్క్ కొనండి. చెక్క ధూళినీ ఫార్మాల్డిహైడ్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది.

బిగించే ముందు ఇంకో లెక్క. 2400 ఎత్తు, 600 లోతు ఉన్న డబ్బాను నేల మీద పడుకోబెట్టి బిగించి పైకి లేపాలంటే సీలింగ్ 2400 ఉంటే సరిపోదు. లేపేటప్పుడు దాని మూల నుంచి మూలకు ఉన్న కొలత, అంటే దాదాపు 2474 మి.మీ., తిరగడానికి చోటు కావాలి. నేను కింద ఒక డబ్బా, పైన సామాన్ల అర ఇంకో డబ్బాగా విడగొట్టాను. కింది దిమ్మె మాత్రం పార్టికల్ బోర్డుతో కాకుండా నీళ్లను తట్టుకునే ప్లైవుడ్‌తో వేశాను. ఇల్లు తుడిచే నీళ్లు రోజూ తగిలేది దానికే. ఇన్నేళ్లకూ అది కొంచెం కూడా ఉబ్బలేదు, ఈ అలమారలో నాకు బాగా నచ్చిన నిర్ణయం ఇదే.

వాడకంలో ఏది ఎలా ఉందంటే, మిషన్ మీద అతికించిన 2 మి.మీ. పీవీసీ అంచులు ఒక్క చోట కూడా లేవలేదు, దెబ్బలూ తట్టుకున్నాయి. ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో అతికించిన పలచటి టేపు మాత్రం కిటికీ పక్కన ఎండ తగిలే చోట చివర్లు ఊడింది. మళ్లీ వేడి చేసి నొక్కితే అతుక్కుంది, మళ్లీ ఊడింది. ప్లగ్ సాకెట్ కోసం వెనక పలకలో కోసిన రంధ్రం అంచుకు ఏ పూతా లేదు. అక్కడ గోడ చెమ్మకు కాగితం కింద ఉబ్బు వచ్చింది, ఉబ్బిన బోర్డు మళ్లీ తగ్గదు. బోల్ట్ రంధ్రమైనా, వైరు రంధ్రమైనా, కోసిన వెంటనే ఫెవికాల్ లాంటి చెక్క జిగురు పలచగా పూసి ఆరనివ్వాలి.

అరలు కుంగడం పార్టికల్ బోర్డుకు ఉన్న అసలు బలహీనత. బట్టలు పెట్టిన 600 వెడల్పు అరలు ఇప్పటికీ తిన్నగా ఉన్నాయి. పుస్తకాలు నింపిన 900 అర మధ్యలో వంగింది, కొత్తలో బాగానే ఉండి ఏళ్లు గడిచేకొద్దీ దిగింది. బరువు పొడవునా సమానంగా పరుచుకుంటే వంపు వెడల్పు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 600 నుంచి 900కు వెళితే దాదాపు 5 రెట్లు. మందం మాత్రం మూడో ఘాతంలో సాయం చేస్తుంది, 18 బదులు 25 వేస్తే గట్టితనం రెండున్నర రెట్లు దాటుతుంది. పుస్తకాలకైతే మధ్యలో ఒక నిలువు పలక పెట్టుకోవడం వీటన్నిటికంటే చవక. నేను ఆ అర కిందే ముందు అంచుకు 50 మి.మీ. పట్టీ నిలువుగా బిగించాను, వంపు ఆగింది.

తలుపుల్లో పొడవైనవాటికి నాలుగేసి హింజ్‌లు వేశాను, అవేవీ వాలలేదు. మూడు చాలేమో అనిపించినా, 2 మీటర్ల ఎండీఎఫ్ తలుపు పది కిలోలు దాటుతుంది. డబ్బాల మూలలకు మామూలు స్క్రూలు కాకుండా 7×50 కన్ఫర్మాట్ స్క్రూలు (ఇలాంటి బోర్డుల కోసమే చేసే లావు స్క్రూలు), వాటికి తగ్గ డ్రిల్ బిట్‌తో ముందే రంధ్రం వేసి బిగించినవి ఒక్కటీ వదులు కాలేదు. పార్టికల్ బోర్డులో మామూలు స్క్రూను ఒకసారి విప్పి అదే రంధ్రంలో మళ్లీ బిగిస్తే పట్టు సగం పోయినట్టే అనుకోండి.

వదులైంది ఒక్క హింజ్ ప్లేటు. దాని స్క్రూలు బోర్డులోంచి పొడితో సహా వచ్చేశాయి. ఇంకా లావు స్క్రూ వేస్తే కొంతకాలమే ఆగుతుంది. ఆ చోట 8 మి.మీ. రంధ్రం 13 మి.మీ. లోతుకు వేసి, చెక్క డోవెల్‌కు (గుండ్రటి చిన్న చెక్క ముక్కకు) జిగురు పూసి దిగ్గొట్టి, ఆరాక పైభాగం సమం చేసి, దాని మధ్యలో సన్నటి రంధ్రం వేసి పాత స్క్రూనే బిగించాను. ఎక్కువ వాడే తలుపు అదే, ఆ ప్లేటు మళ్లీ కదల్లేదు.