పాత సిటీ బస్సుకి ఎయిర్ డ్రయ్యర్: వాడి చూశాక

మేం దాచుకున్న పాత లేలాండ్ సిటీ బస్సుకి ఎయిర్ డ్రయ్యర్, అంటే బ్రేకులకి వెళ్లే గాలిలోంచి తేమ తీసేది, పెట్టాక వచ్చిన సుఖం ఒక్కటే, గాలి ట్యాంకులో నీళ్లు లేవు. బెజవాడ వానాకాలం గాలి సంగతి తెలిసిందే. ఇదివరకు ట్యాంకు అడుగునుండే డ్రెయిన్ కాక్ తిప్పితే నూనె కలిసిన నీళ్లు తెల్లగా పాలల్లే పడేవి. ఇప్పుడు అరచెయ్యి అడ్డం పెడితే ఒట్టి గాలే. ఎక్కువ రోజులు నిలబడి, అప్పుడప్పుడూ రోడ్డెక్కే బస్సుకి ఇది ప్రాణం: ట్యాంకు అడుగు తుప్పు పట్టదు, ఆ తుప్పు పొడి పోయి బ్రేక్ వాల్వులో ఇరుక్కోదు.

ఫిట్ చేసిన కొత్తలో మాత్రం డ్రయ్యర్ ఒక్కసారి కూడా పర్జ్ చేయలేదు, అంటే పట్టిన నీళ్లు బయటికి కక్కలేదు. ట్యాంకు నిండాక మిగులు గాలి వదిలేసే పాత అన్‌లోడర్ వాల్వ్ లైనులోనే ఉండిపోయింది. అది 7 బార్ దగ్గరే గాలి వదిలేస్తోంది, డ్రయ్యర్ కటాఫ్, అంటే అది గాలి వదిలే ప్రెషర్, ఏమో 8 బార్. అక్కడిదాకా ప్రెషర్ ఎక్కందే అది కింది నుంచి నీళ్లు కక్కదు. డ్రయ్యర్ కాట్రిడ్జ్‌లో తేమ పీల్చే గుళికలు తాగి తాగి నిండిపోయాయి, ఆపైన నీళ్లు నేరుగా ట్యాంకులోకి దిగాయి. గేజి ముల్లు 7 మీద నిలబడింది కాబట్టి అంతా బాగుందన్నారు బిగించినవాళ్లు. కింద వంగి, గాలి ఎటు నుంచి పోతోందో చెయ్యి పెట్టి చూస్తేనే దొరికింది. అన్‌లోడర్‌ని లైను నుంచి తప్పించి, చూపుకి దాని చోటే ఉంచాం. ట్యాంకులు కూడా పాతవే కాబట్టి డ్రయ్యర్ స్క్రూ తిప్పించి కటాఫ్ 7కి దింపించాం. బ్రాకెట్ కోసం చాసిస్‌కి బెజ్జం వేయనివ్వకండి, క్లాంపుతో నిలుస్తుంది.

గాలి నింపే కంప్రెషర్ నుంచి డ్రయ్యర్‌కి వచ్చే పైపు పొడుగ్గా, వాలుగా ఉండాలి. గాలి వేడి మీదే చేరితే గుళికలు తేమ పట్టవు, మన మే నెలలో ఆ తేడా బాగా తెలుస్తుంది. పిస్టన్ రింగులు అరిగిన కంప్రెషర్ అయితే ఇంకో తంటా: ఆయిల్ వచ్చి గుళికల మీద పూత పడుతుంది, కాట్రిడ్జ్ మార్చడం తప్ప దారి లేదు. డ్రయ్యర్ కొనేముందే కంప్రెషర్ నుంచి గాలి వచ్చే డెలివరీ పైపు విప్పి, ఇంజన్ నడుస్తుండగా తెల్ల కాగితం పట్టి చూడండి. నూనె మరకలు పడితే డ్రయ్యర్ డబ్బులు రింగులకి పెట్టడం మేలు.

మా బస్సు అప్పుడప్పుడూ మంగళగిరి దాకా వెళ్లొస్తుంది, దారిలో నాలుగైదు సార్లు పర్జ్ అవుతుంది. షెడ్డులోంచి కదలని బస్సుకైతే ఇంత ఖర్చు అక్కర్లేదనుకుంటా, స్టార్ట్ చేసినప్పుడల్లా డ్రెయిన్ కాక్ తిప్పితే సరిపోతుంది.