నీళ్ల మీద సగం ఇల్లు, దానికి లోను, వరద ఇన్సూరెన్స్: ఏళ్లుగా ప్రీమియం కడుతున్నవాడి సమీక్ష

హ్యూస్టన్ దగ్గర కాన్రో సరస్సు ఒడ్డున, వీకెండ్లకని కొన్న ఇల్లు మాది. వెనక గది, డెక్ నీళ్లలోకి దిగిన స్తంభాల మీద ఉంటాయి, మిగతాదంతా నేల మీదే. 2017 హార్వీ తుఫాను తర్వాత కొన్నాం కాబట్టి వరద ఇన్సూరెన్స్ తప్పదని తెలుసు. వరద జోన్ సంగతి ఒక్క ఫారంతో తేలిపోయింది, అసలు పేచీ అంతా ఇల్లు నేలని ఎంత తాకుతోంది, ఎప్పుడు కట్టారు అన్న దగ్గరే.

ఎందుకంటే ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) నడిపే వరద బీమా పథకం ఎన్‌ఎఫ్‌ఐపీలో, 1982 సెప్టెంబర్ 30 తర్వాత కట్టిన లేదా భారీగా మార్చిన ఇల్లు పూర్తిగా నీళ్ల మీదే ఉంటే పాలసీ ఇవ్వరు. కొంత నేల మీదుంటే ఇస్తారు. ఆ పాలసీకి అర్హత లేని ఇంటికి ఇన్సూరెన్స్ అడిగి తీరాలని చట్టం లెండర్‌ని, అంటే లోనిచ్చే బ్యాంకుని, బలవంతపెట్టదు. వినడానికి హాయిగానే ఉంది గానీ, బ్యాంకువాళ్లు ఊరుకుంటారా? ప్రైవేట్ పాలసీ తెమ్మంటారు, లేదంటే లోనే ఇవ్వమంటారు. అలాంటి ఇల్లు నచ్చితే అడ్వాన్స్ ఇచ్చే ముందే లెండర్‌కి ఫోన్ చేయండి.

ఎంతకి తీసుకోవాలంటే లోను బాకీ, ఇంటికి బీమా చేయదగ్గ విలువ, ఎన్‌ఎఫ్‌ఐపీ పెట్టిన 2.5 లక్షల డాలర్ల గరిష్ఠ పరిమితి, ఈ మూడింట్లో ఏది తక్కువైతే అంత. పాలసీ అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు ఆగాలి, లోను కోసం తీసుకుంటే ఆ టెన్షన్ లేదు. ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ మీద ఏ కంపెనీ పేరున్నా ధర, షరతులు ఫెమావే, కాబట్టి నాలుగు చోట్ల కొటేషన్లు అడిగి టైం వేస్ట్ చేసుకోకండి.

ఇక క్లెయిం. ఒకసారి వెనక గదిలోకి నీళ్లొచ్చాయి. గోడలకీ వైరింగ్‌కీ డబ్బులొచ్చాయి గానీ పాతబడ్డాయని తరుగు కోసి ఇచ్చారు, ఎందుకంటే పూర్తి ఖర్చు ఇచ్చేది మనం ప్రధానంగా నివాసముండే ఇంటికే, వీకెండ్ ఇంటికి కాదు. పైగా ఇలాంటి ఇంటికి ఏటా 250 డాలర్ల సర్‌ఛార్జి కూడా, ఇది నాకు బొత్తిగా నచ్చని విషయం. డెక్‌కీ, పడవ కట్టే డాక్‌కీ పైసా రాలేదు. నీళ్లకి ముందు పోయేవి అవే కదా! నష్టం కాగితాలు 60 రోజుల్లో ఇవ్వాలి, ఫొటోలు మొదటి రోజే తీసి పెట్టుకోండి.

లోను ఇంకో కంపెనీకి మారినప్పుడు మాత్రం చిరాకొచ్చింది. పాలసీ లేదని ఉత్తరం పంపి, మేం జవాబిచ్చినా పట్టించుకోకుండా, 45 రోజులయ్యాక వాళ్లే ఖరీదైన పాలసీ కొని మా ఖాతాలో వేశారు. మా పాలసీ కాపీ మళ్లీ పంపితే రద్దు చేసి డబ్బు వెనక్కిచ్చారు, కాపీ అందాక 30 రోజుల్లో అలా ఇచ్చి తీరాలని చట్టంలోనే ఉంది. అందుకే ఇప్పుడు రెన్యువల్ కాగానే అడగకముందే కాపీ పంపేస్తున్నాను.