సాంగ్రియానా, స్ప్రిట్జరా: నల్గొండ వేసవి విందుకు ఏది తగినది?

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే నల్గొండలో, పొద్దుగూకాక డాబా మీద స్నేహితులకు విందు ఇచ్చేటప్పుడు, వైన్‌ను నేరుగా పోయడం కంటే చల్లటి మిశ్రమంగా అందించడమే మేలు. వైన్‌లో పండ్ల ముక్కలు నానబెట్టి చేసే స్పెయిన్, పోర్చుగల్ దేశాల సాంగ్రియా ఒక మార్గం కాగా, ఆస్ట్రియాలో ఎక్కువగా తాగే స్ప్రిట్జర్ మరొకటి.

స్ప్రిట్జర్ క్షణాల్లో తయారవుతుంది. బాగా చల్లబరిచిన తెల్ల వైన్‌ను, సోడాను సమపాళ్లలో కలిపితే 12 శాతం ఆల్కహాల్ 6 శాతానికి దిగుతుంది. అయితే సోడా పొంగు త్వరగా చల్లారిపోతుంది కనుక ఏ గ్లాసుకు ఆ గ్లాసు అప్పటికప్పుడే కలపాలి. ఇరవై మంది వచ్చినచోట ఇంటివారికి కూర్చునే తీరిక ఉండదు.

సాంగ్రియాలో మన తోటల రుచి చేరుతుంది, నా మొగ్గు దానివైపే. 750 మిల్లీలీటర్ల ఎర్ర వైన్‌కు రెండు బత్తాయిలు, కాస్త గట్టిగా ఉన్న కొల్లాపూర్ మామిడిపండు ఒకటి, రెండు చెంచాల చక్కెర సరిపోతాయి. బత్తాయి విషయంలో మాత్రం ఎంతో జాగ్రత్త అవసరం: తొక్కను, దాని కింది తెల్లటి పొరను, గింజలను పూర్తిగా తీసేసి తొనలను మాత్రమే వేయాలి, లేకపోతే ఫ్రిజ్‌లో నానే నాలుగు గంటల్లో చేదు దిగి కూజా అంతా పాడవుతుంది. పిండి నిల్వ ఉంచిన బత్తాయి రసం కూడా చేదెక్కుతుంది కాబట్టి, రసం కావాలనుకుంటే వడ్డించే ముందే పిండుకోవాలి. ఐస్‌ను కూజాలో కాక గ్లాసుల్లోనే వేయాలి. పండ్ల తీపి ఆల్కహాల్ ఘాటును కప్పేస్తుంది కనుక పక్కన మంచినీళ్లు తప్పక ఉంచాలి.

ముగ్గురు నలుగురే కూర్చునే సాయంత్రానికి మాత్రం స్ప్రిట్జరే చాలు.