మూడేళ్ల ఆర్‌టీఎక్స్ 3060: స్లాటు సరే, యూపీఎస్ సంగతేంది?

గ్రాఫిక్స్ కార్డు కొనేముందు అందరూ చూసేవి మూడే: స్లాటు, కేబినెట్‌లో చోటు, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే యూనిట్) వాట్లు. నెల్లూరులో ఈ 12 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 కార్డు పెట్టి మూడేళ్లు దాటింది, ఆ మూడింటితో ఒక్కరోజు కూడా పేచీ రాలేదు. మదర్‌బోర్డు బీ450 రకం, అంటే కార్డు పెట్టే స్లాటు పాత తరం పీసీఐఈ 3.0. కార్డుకి 16 లేన్లూ (డేటా వెళ్లే దారులు) ఉన్నాయి కాబట్టి తేడా తెలియదు. పై స్లాటులోనే పెట్టాలి, కింది పొడుగు స్లాటుకి లేన్లు తక్కువ. రెండు ఫ్యాన్ల మోడల్ 24 సెంటీమీటర్లు ఉంటుందేమో, మామూలు కేబినెట్‌లో హాయిగా పడుతుంది. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ఎనిమిది పిన్నుల కేబులొకటి చాలు.

పేచీ అంతా గోడకీ ఎస్‌ఎంపీఎస్‌కీ మధ్య కూర్చున్న యూపీఎస్ డబ్బాతోనే. దాని గురించి కొనేటప్పుడు చెప్పినవాళ్లు లేరు, ఇప్పటికీ ఎవరూ చెప్పడం లేదు. ఈ సమీక్ష రాయడం అందుకే.

మన వైపు కంప్యూటర్‌తో పాటు 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు, అసలు వాట్లు ఇంతకంటే తక్కువ) యూపీఎస్ ఇచ్చి పంపడం మామూలు. ముందువైపు 600 అని పెద్దగా ఉంటుంది, వెనక స్టిక్కరు మీద 360 వాట్లని చిన్నగా ఉంటుంది. లెక్క వేసి చూడండి. కార్డు 170 వాట్లు. ప్రాసెసర్ రైజెన్ 5 3600 పూర్తి పనిలో 88 దాకా తింటుంది. బోర్డు, ర్యాము, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ 40 వేసుకోండి. మొత్తం 298. ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే గోడ నుంచి లాగేది 350. యూపీఎస్‌కే తగిలించిన మానిటర్‌కి ఇంకో 25. ఇంకేముంది, 360 దాటిపోయింది. పైగా 3060 కొన్ని మిల్లీసెకన్ల పాటు తన 170ని మించి గుంజుతూ ఉంటుంది.

లక్షణం ఎలా ఉంటుందంటే, డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ నిక్షేపంగా నిలబడుతుంది. గేమో, బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) రెండరో నడుస్తుండగా పోయిందంటే రిలే టక్కుమంటుంది, పొడుగాటి బీప్ ఒకటి వస్తుంది, అంతే, తెర నల్లబడుతుంది. మళ్లీ ఆన్ చేశాక విండోస్ లాగ్‌లు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఒక్క ముక్క మిగులుతుంది. కరెంటు అర్ధాంతరంగా ఆగిందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. అది చూసి డ్రైవర్లు తీసి వేస్తారు, ర్యాము మారుస్తారు, చివరికి కార్డే పోయిందని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్ దాకా మోసుకెళ్తారు. అక్కడ బెంచీ మీద పెడితే గంటలు గంటలు నడుస్తుంది, ఎందుకంటే ఆ బెంచీ మీద మీ యూపీఎస్ లేదు.

వాట్లు సరిపోయినా పడిపోయే కేసు ఇంకోటుంది. మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని వోల్టేజీకి తగ్గట్టు సమంగా లాగే సర్క్యూట్) ఉంటుంది, నునుపుగా ఎక్కిదిగే సైన్ వేవ్‌కి అలవాటుపడ్డది. చౌక యూపీఎస్ బ్యాటరీ మీదికి మారగానే మెట్లు మెట్లుగా కరెంటిస్తుంది, మధ్యలో కాసేపు సున్నా దగ్గర ఆగుతుంది. మళ్లీ మెట్టెక్కగానే ఎస్‌ఎంపీఎస్ ఒక్క గుంజు గుంజుతుంది. దాన్ని ఓవర్‌లోడ్ కింద లెక్కేసి యూపీఎస్ చేతులెత్తేస్తుంది. దానికి తోడు లోపలుండేది 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ. 350 వాట్లంటే దాని మీద 30 ఆంపియర్లు పడతాయి. మన ఎండలకు రెండేళ్లు కాగిన బ్యాటరీ అంత బరువు మోయలేదు.

తప్పు ఎక్కడుందో తేల్చడం కష్టమేం కాదు. ఫైళ్లన్నీ సేవ్ చేసి, ఏదైనా గేమ్ నడిపి, యూపీఎస్ వెళ్లే గోడ స్విచ్చి ఆపండి. ప్లగ్గు మాత్రం పీకొద్దు, ఎర్త్ కూడా తెగిపోతుంది. సిస్టమ్ ఆగిపోతే మానిటర్‌ని యూపీఎస్ నుంచి తీసేసి, ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు సెట్టింగుల సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించి (కార్డు 119 వాట్ల దగ్గర ఆగుతుంది) మళ్లీ చూడండి. ఇప్పుడు నిలబడితే చిక్కు వాట్లది, లేదా బ్యాటరీది. ఇలా తగ్గించి, కొత్త బ్యాటరీ వేసినా పడిపోతుంటే వేవ్‌ది. అప్పుడు సైన్ వేవ్ యూపీఎస్ తప్ప దారి లేదు, 1000 వీఏ, 600 వాట్లది చూసుకోవాలి. 70 శాతం దగ్గర ఫ్రేములు కొంచెం తగ్గుతాయి. 60 హెర్ట్జ్ మానిటర్ వాడేవాళ్లు ఫ్రేములు 60కి కట్టేస్తే ఆ తేడా కూడా పెద్దగా కనబడదు.

ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉన్నవాళ్లు వేరే యూపీఎస్ కొనేముందు దాని స్విచ్చి చూడండి. చాలావాటికి యూపీఎస్ మోడ్ ఉంటుంది. అందులో పెడితేనే కంప్యూటర్ ఆగనంత వేగంగా మారుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది: ఆ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180 కిందికి దిగితే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. పంపుసెట్లు, రొయ్యల గుంటల ఏరియేటర్లు నడిచే లైన్లో ఉన్న ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు, సాయంత్రమంతా బ్యాటరీ కరగడమే.

కార్డు కొత్తలో ఊరికే ఉన్నప్పుడు ఫ్యాన్లు ఆగిపోవడం తెగ నచ్చింది, గదిలో చప్పుడే ఉండదు. రోహిణి కార్తెలో మాత్రం ఆ సుఖం అక్కర్లేదు. ఫ్యాన్ కర్వ్ (వేడిని బట్టి ఫ్యాన్ వేగం పెట్టే సెట్టింగు) మార్చి ఎప్పుడూ 30 శాతం తిరిగేలా పెట్టుకోవడమే మంచిది. 12 జీబీ మెమరీ కూడా అప్పుడనుకున్నంత అక్కరకు వచ్చింది రెండరింగ్‌లోనే. గేముల్లో మెమరీ నిండకముందే చిప్పు అలసిపోతోంది.

బ్లెండర్, వీడియో ఎడిటింగ్ పనులున్నాయి, సైన్ వేవ్ యూపీఎస్‌కి కూడా డబ్బు పక్కన పెట్టగలరు అంటే సెకండ్ హ్యాండ్‌లో ఈ 3060 ఇప్పటికీ తీసుకోవచ్చు. ఒట్టి గేములకే అయితే, పాత 600 వీఏ డబ్బాతోనే నెట్టుకురావాలంటే, 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 కార్డు వైపు చూడండి. దానికి లేన్లు ఎనిమిదే, మెమరీ 8 జీబీయే. కానీ పైన వేసిన లెక్కలో 55 వాట్లు తీసి చూస్తే, మానిటర్‌తో కలిపినా 310 దగ్గర ఆగుతుంది.